కిరణవైద్యుడు నేర్వవలసిన రెండవ విద్య



మీలో క్యాన్సరు రోగిని పట్టణపు ఆసుపత్రికి తోడుకొనిపోయినవారు పలువురుందురు. మన పూర్వులు రాచపుండని పిలిచిన ఈ వ్యాధికి ముఖ్యముగా మూడు విధములైన వైద్యములు కలవు. శస్త్రచికిత్స యొకటి, మందులు రెండవది, కిరణ చికిత్స మూడవది. ఈ మూడవదానిని మన పల్లెలలో 'కరెంటు పెట్టుట' యందురు. నిజమునకు అందు కరెంటు రోగిని తాకదు. రోగి బల్లమీద పరుండును. యంత్రము కొలతప్రకారము కిరణములను వ్రణముమీదికి పంపును. కొలది నిమిషములలో ఆ దినపు చికిత్స ముగియును. ముప్పది సంవత్సరములకు పైగా నేనట్టి యంత్రముల ప్రక్క నిలిచి పనిచేసి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నాను. అయినను ఈనాడు నేను మీతో ముచ్చటింపదలచినది యంత్రమును గూర్చి కాదు. ఆ యంత్రమును నడపించు వైద్యునికి గురువులు నేర్పవలసియుండియు చిరకాలము నేర్పక విడిచిన మరియొక విద్యను గూర్చి చెప్పదలచితిని. అది బాధను తీర్చు విద్య. దానికి ఉపశమన వైద్యమని పేరు.

బాధను తీర్చుటకు విద్య యేల, దయ చాలదా యని మీరడుగవచ్చును. నేనును చాలకాలము అట్లే తలచితిని. ఆ తలపు తప్పని నాకు తెలియజేసినవాడు పల్నాటి రైతు ఒకడు. మొదట ఆయన సంగతి మనవిచేసెదను.

అది 1988వ సంవత్సరము. నేను కిరణవైద్యమున ఉన్నతపట్టము పొంది, ఒక పెద్ద ఆసుపత్రిలో చేరి రెండేండ్లయియుండెను. మా చదువు మూడేండ్లు. ఆ మూడేండ్లలో కిరణముల స్వభావమేమి, అవి కణములను చంపు రీతి యెట్టిది, ఏ యవయవము ఎంత మోతాదును ఓర్చును, కోబాల్టు యంత్రమును ఏ కోణమున నిలుపవలెను అను సంగతులన్నియు గట్టిగా నేర్చితిమి. మోతాదు నూటికి అయిదు పాళ్లు మించి తప్పరాదని మా గురువులు పదేపదే చెప్పువారు. వారు చెప్పినది ధర్మమే. ఆ లెక్క తప్పినచో రోగికి హాని కలుగును. కాని ఆ మూడేండ్లలో, "నొప్పి ఎట్లున్నది?" అని రోగిని అడుగు పద్ధతిని మాకెవ్వరును ఒక్కనాడైనను నేర్పలేదు.

ఆ రైతునకు అరువదియేండ్లు దాటినవి. మూత్రాశయము క్రిందనుండు ప్రోస్టేటు గ్రంథిలో పుట్టిన క్యాన్సరు, వెన్నెముకకును తుంటి యెముకకును ప్రాకియుండెను. ఆ దశలో వ్యాధిని సమూలముగా తీసివేయుట సాధ్యము కాదు. బాధను తగ్గించుటకే కిరణములు పెట్టుదుము. ఆయన కుమారుడు నన్ను వరండాలోనికి పిలిచి, "డాక్టరుగారూ, మా నాన్నకు క్యాన్సరని చెప్పకండి. వింటే దిగులుతోనే పోతాడు" అని నా చేతులు పట్టుకొనెను. నేను సరేయంటిని.

పది దినములు పది పర్యాయములు కిరణములు పెట్టించితిని. ఆ గట్టి బల్లమీద వెల్లకిల పరుండుటకే ఆయనకు ప్రాణముమీదికి వచ్చుచుండెను. పండ్లు బిగించి పరుండి, "అయిందా బాబూ?" అని అడుగుచుండెను. బల్లమీద పరుండబెట్టుటకు ముందుగా నొప్పికి మందియ్యవలెనని నాకు ఎవ్వరును చెప్పియుండలేదు. నా యంతట నాకును తోచలేదు. పదియవ దినమున ఆయన నన్ను సూటిగా, "ఇంతకూ నా జబ్బేమిటి బాబూ? తగ్గేదేనా?" అని యడిగెను. నేను చేతిలోని చీటీవంక చూచుచు, "తగ్గిపోతుంది పెద్దాయనా. నెల తరువాత రండి" అంటిని. ఆయన నా ముఖమువంక కొంతసేపు చూచి, మరి మాటాడక లేచిపోయెను.

నెల తరువాత ఆయన రాలేదు. మరి రెండు నెలలకు కుమారుడు ఏదియో కాగితముకొరకు వచ్చెను. వచ్చినవాడు కొంతసేపు నిలుచుండి, తానుగా చెప్పెను. "చివరి ఇరవై రోజులూ అరుపులేనండీ. రాత్రిళ్ళు వీధివాళ్ళకు కూడా నిద్ర లేదు. మా చిన్నాన్నకూ ఆయనకూ గట్టు తగాదా వచ్చి పన్నెండేళ్ళు మాటలు లేవు. పోతానని తెలిసి ఉంటే కబురు పెట్టేవాడు. మేమూ చెప్పలేదు, మీరూ చెప్పలేదు. చిన్నాన్న పాడె పట్టటానికి వచ్చాడు." ఆతడు నన్ను నిందించుటకు రాలేదు. జరిగినది చెప్పి, కాగితము తీసికొని పోయెను.

ఆ రైతుమీద నాకు దయ లేకపోలేదు. నొప్పి ఎంతయని విచారించుట, దానికి తగిన మందును తగిన మోతాదున ఇచ్చుట, రోగి ఓర్చుకొనునట్లు నిజము చెప్పుట, ఈ మూడును నాకు చేతకాలేదు. ఈత రానివాడు ఒడ్డున నిలిచి యెంత విలపించినను మునుగువాడు తేలునా? దయ నన్ను రోగి ప్రక్కకు తెచ్చినది. అక్కడ నిలిచి చేయవలసిన పనిని మాత్రము విద్యయే నేర్పవలసియుండెను.

ఈ విద్య ఎక్కడ పుట్టెనో సంగ్రహముగా చెప్పెదను. ఇంగ్లండులో సిసిలీ సాండర్సు అను నామె యుండెను. ఆమె మొదట నర్సు. పిమ్మట ఆసుపత్రిలో రోగుల కుటుంబముల కష్టసుఖములు విచారించు ఉద్యోగిని. 1948వ సంవత్సరమున లండను నగరమున పోలండు దేశపు శరణార్థి యొకడు, డేవిడ్ టాస్మా యనువాడు, క్యాన్సరుతో మరణించుచు, ఆమె కట్టదలచిన గృహమున తానొక కిటికీ కావలెనని కోరి, అయిదువందల పౌనులు విడిచిపోయెను. మరణాసన్నులను వైద్యులు వదలిపోవుచున్నారు గనుక నీవే వైద్యము చదువుమని ఒక శస్త్రవైద్యుడు ఆమెకు సలహా చెప్పెను. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట ఆమె వైద్య విద్యార్థినియై, 1957లో పట్టము పొందెను. 1967లో లండనులో సెయింటు క్రిస్టఫర్సు అను ఆశ్రమము తెరచెను. అది రోగులకు ఆశ్రయము మాత్రమే కాదు. వైద్యులకు పాఠశాల, పరిశోధనకు స్థానము కూడ. కిటికీకి ధనమిచ్చినవాడు పోయిన పందొమ్మిదేండ్లకు కిటికీ తెరచుకొనెను.

ఆమె నేర్పిన ముఖ్యసూత్రమొకటి గలదు. మరణించు మనుజుని బాధ ఒక్కటి కాదు, నాలుగు పేటల త్రాడు. దేహపు నొప్పి యొక పేట. మనస్సులోని భయము రెండవది. ఇల్లు, పొలము, అప్పు, పిల్లల పెండ్లిండ్లు మూడవది. 'నేనేల పుట్టితిని, ఎవరికేమి బాకీపడితిని' అను అంతరంగపు వేదన నాలుగవది. మా పల్నాటి రైతునకు ఎముక నొప్పి ఎంత సత్యమో, తమ్మునితో మాట లేకపోవుటయు అంత సత్యము. నేను మొదటి పేటను సగము పట్టుకొంటిని. తక్కిన మూడును నా కంటికి కనబడనేలేదు.

మన దేశమున 1986లో ముంబయి నగరమున శాంతి అవేదన అను ఆశ్రమము వెలసెను. 1993లో కేరళములోని కోళిక్కోడు పట్టణమున, వైద్య కళాశాల ఆవరణములో, డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టరు సురేశ్ కుమార్ మొదలగువారు ఒక ఉపశమన వైద్య సంఘమును స్థాపించిరి. 1999లో నేనక్కడికి ఆరు వారములు శిష్యునిగా పోయితిని. నాకప్పటికి తల నెరసియుండెను. నాకంటె ఇరువదియేండ్లు చిన్నవారితో కలిసి కూర్చుండి అక్షరాభ్యాసము వలె మొదలుపెట్టితిని.

మొదటి పాఠము అడుగుట. నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, పొడిచినట్లా, మండినట్లా, లాగినట్లా, రాత్రి నిద్ర పట్టుచున్నదా, ఏమాత్రము నొప్పి లేనిచో సున్నయనియు భరింపరానిచో పది యనియు లెక్కించినచో ఇప్పుడెంత, ఇవన్నియు అడిగి వ్రాసికొనవలెను. మండునట్టి నొప్పి నరమునకు సంబంధించినది. దానికి మందు వేరు. ఎముక నొప్పికి మందు వేరు. అడుగకయే మందు వ్రాయువాడు చీకటిలో బాణము వేయువానితో సమానుడు.

రెండవ పాఠము మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సరు నొప్పికి మూడు మెట్ల నిచ్చెన నిర్ణయించి ప్రకటించెను. కొద్ది నొప్పికి పారాసెటమాలు వంటివి. మధ్యమమైన నొప్పికి కోడీను వంటివి. తీవ్రమైన నొప్పికి మార్ఫీను. మార్ఫీను మీరెరుగని వస్తువు కాదు. నల్లమందునుండి తీసినది. నోటితో మింగు మాత్రగా, నాలుగు గంటలకొకసారి, గడియారము ప్రకారము ఇయ్యవలెను. నొప్పి వచ్చిన తరువాత పరుగెత్తుట కాదు, నొప్పి రాకమునుపే ఇచ్చుట పద్ధతి. దానివలన మలబద్ధము కలుగును గనుక తోడుగా విరేచనపు మందియ్యవలెను. మొదటి కొన్ని దినములు మగతయు వాంతియు కలుగవచ్చును. అవి సాధారణముగా తగ్గును. నల్లమందు గదా, అలవాటైపోవునేమోయని భయపడువారు పలువురు. నొప్పికొరకు, వైద్యుని కనుసన్నలలో, కొలతప్రకారము పుచ్చుకొనువారు దానికి బానిసలగుట అరుదు. సరియైన మోతాదున ఇచ్చిన మార్ఫీను ఆయువును తగ్గించునదియు కాదు.

ఇక్కడ మన దేశపు వింత యొకటి చెప్పవలెను. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితో గసగసాల పంట పండించి, నల్లమందు తీసి, పరదేశములకు కూడ ఎగుమతి చేయుదుము. కాని 1985లో మత్తుపదార్థములను అరికట్టుటకు చేసిన చట్టము మూలమున, ఒక ఆసుపత్రి మార్ఫీను తెప్పించుకొనవలెనన్న అనేక శాఖలనుండి అనుమతులు పొందవలసివచ్చెను. ఆ చిక్కు పడలేక పెక్కు ఆసుపత్రులు మందునే మానుకొన్నవి. నా రైతు 1988లో వచ్చినవాడు. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, అనుమతి పద్ధతిని దేశమంతటికిని ఒక్కటిగా చేసినది. తలుపు తాళము తీసినారు. కాని ఆ మందును వ్రాయుటకు చేయి వణకు వైద్యుడు తలుపు తీసియున్నను లోపలికి పోడు. అందువలననే చట్టముతోపాటు చదువును మారవలెను.

మూడవ పాఠము మా స్వంత విద్యయైన కిరణములను గూర్చినదే. వ్యాధిని పోగొట్టదలచినప్పుడు వారమునకు అయిదు దినముల చొప్పున ఆరేడు వారములు కిరణములు పెట్టుదుము. బాధ తగ్గించుట మాత్రమే ఉద్దేశమైనప్పుడు అంత ప్రయాస యవసరమా? ఎముకకు ప్రాకిన క్యాన్సరు నొప్పికి, పది దినములలో ముప్పది గ్రేల మోతాదు ఇచ్చినను, ఒక్కదినమున ఒక్కపర్యాయము ఎనిమిది గ్రేలు ఇచ్చినను, నొప్పి తగ్గుట ఇంచుమించు సమానమేయని పెక్కు దేశముల పరీక్షలలో తేలినది. రెండు పద్ధతులలోను నూటికి సుమారు అరువదిమందికి మేలు కలుగును. ఒక్కపర్యాయము పెట్టించుకొన్నవారిలో మరల రావలసినవారు కొంత ఎక్కువగా నుందురు; ఆ మాట ముందే చెప్పవలెను. విరుగనున్న యెముక మొదలగు సందర్భములలో లెక్క వేరు. కాని నూరుమైళ్లనుండి వచ్చి, సత్రములోనో చెట్టుక్రిందనో పదిదినములు పడియుండువానికి, ఒక్కదినముతో ఇల్లు చేరగలుగుట ఎంత యుపశమనమో మీరూహింపగలరు.

మరియొకటి. కిరణములు పెట్టిన వెంటనే నొప్పి తగ్గదు. పూర్తి ఫలము కనబడుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టవచ్చును. పైగా మొదటి రెండు మూడు దినములు కొందరికి నొప్పి హెచ్చును. కావున ఆ నడుమ దినములు దాటించుటకు మార్ఫీను వంటి మందును కిరణవైద్యుడే చేతికియ్యవలెను. ఇక ఆయువు కొలది దినములే మిగిలియున్న రోగికి కిరణముల ఫలము అందకమునుపే ప్రాణము పోవును. అట్టివానిని బల్లమీద పరుండబెట్టక, నొప్పిమందిచ్చి ఇంటికి పంపుటయే వైద్యము. కిరణములు ఎప్పుడు పెట్టకూడదో తెలిసికొనుటయు కిరణవైద్యములోని భాగమే. ఈ మాట నాకు నలువదియేండ్లు దాటిన పిమ్మట తెలిసినది.

నాలుగవ పాఠము మిక్కిలి కఠినమైనది. అది నిజము చెప్పుట. దానిని నేర్పు విధానము మీకు వింతగా తోచును. మాచేత నాటకమాడించిరి. ఒకడు రోగి, ఒకడు కొడుకు, ఒకడు వైద్యుడు, తక్కినవారు ప్రేక్షకులు. ఒకనాడు నాకు రోగి వేషమువచ్చెను. "నాకు తగ్గునా?" అని నేనడిగితిని. వైద్యుని వేషమువేసిన కుఱ్ఱవాడు చేతిలోని కాగితము చూచుచు, "తగ్గిపోతుంది" అనెను. అది నాటకమని యెరిగియు నా గుండె చల్లబడిపోయినది. పల్నాటి రైతు నా ముఖమువంక ఏల చూచెనో పదునొకండేండ్ల తరువాత నాకు తెలిసెను.

2000వ సంవత్సరమున అమెరికా, కెనడా వైద్యులు ఈ విద్యను ఆరు మెట్లుగా ఏర్పరచి ప్రకటించిరి. మొదట ఏకాంతమైన చోటు చూచి కూర్చుండవలెను, నిలుచుండి చెప్పరాదు. పిమ్మట రోగికి ఇదివరకెంత తెలియునో అడుగవలెను. ఎంత తెలిసికొనగోరుచున్నాడో అడుగవలెను. కోరినంతవరకు, తేలికమాటలతో, కొంచెము కొంచెముగా చెప్పవలెను. రోగి దుఃఖించినచో తొందరపడక ఆ దుఃఖమునకు చోటియ్యవలెను. తుదకు, ఇకమీదట ఏమిచేయుదుమో కలిసి నిశ్చయించుకొనవలెను. దీనిలో కఠోరమైన సత్యమును తలపై పడవేయుట లేదు, అబద్ధమును లేదు.

ఈ పాఠములన్నియు నేర్చి తిరిగివచ్చిన పిదప నా యొద్దకు వచ్చిన వారిలో శ్రీకాకుళపు సముద్రతీరమునుండి వచ్చిన యొక పెద్దమ్మ నాకు బాగుగా జ్ఞాపకమున్నది. ఆ ప్రాంతపు స్త్రీలలో చుట్ట నిప్పు నోటిలోపలికి పెట్టి త్రాగు అలవాటు కలదు. అడ్డపొగ యందురు. దానివలన అంగిటికి క్యాన్సరు వచ్చును. ఆమెకు అంగిట పుట్టినది మెడకు దిగి పుండై రక్తము కారుచుండెను. దుర్గంధము చేత కోడలు అన్నము పళ్లెమును గడపలో పెట్టిపోవుచుండెను. మనుమరాలిని దగ్గరకు రానిచ్చుట లేదు.

రక్తము నిలుచుటకు కొలది పర్యాయములు మాత్రము కిరణములు పెట్టించితిని. మార్ఫీను మాత్ర నూరి నీటితో ఇప్పించితిని. మెట్రోనిడజోలు అను చవుక మాత్రను పొడిచేసి పుండుమీద చల్లినచో దుర్గంధము తగ్గును. ఈ చిన్న ఉపాయమును నాకు కోళిక్కోడులో ఒక నర్సు నేర్పెను. మూడేండ్ల నా ఉన్నతవిద్యలో అది లేదు. పిమ్మట ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండి, "మీ జబ్బు గురించి మీకేమి తెలుసు పెద్దమ్మా?" అంటిని. ఆమె నవ్వి, "అంతా తెలుసు బాబూ. మావాళ్ళు నా దగ్గర దాస్తన్నారు, నేను వాళ్ళ దగ్గర దాస్తన్నాను" అనెను. ఆ సాయంకాలము కొడుకును కోడలిని పిలిచి, ఆమె యెదుటనే కూర్చుండబెట్టితిని. నేను పది మాటలకంటె ఎక్కువ చెప్పలేదు. తక్కినది వారే మాటాడుకొనిరి. ఆమె మరి నాలుగు నెలలు జీవించెను. చీటీపాట లెక్కలు కోడలికి ఒప్పగించెను. వాసన తగ్గినందున మనుమరాలు ప్రక్కలో పరుండెను. వ్యాధి పోలేదు. నేను పోగొట్టుదునని చెప్పనును లేదు.

ఉపశమన వైద్యమునకు వేరే నిపుణులు కలరు గదా, కిరణవైద్యునికి ఈ భారమేల యని కొందరు పండితులు ఆక్షేపింతురు. నిజమే. 2010లో మన దేశమున ఉపశమన వైద్యము ప్రత్యేక శాస్త్రముగా గుర్తింపబడినది. 2012లో ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో దానికి ఉన్నతపట్టపు చదువు మొదలైనది. అయినను అట్టి నిపుణులు కొలదిమంది. రోగులు అసంఖ్యాకులు. కిరణములు పెట్టించుకొను రోగి దినదినము, వారముల తరబడి, మా గుమ్మము త్రొక్కును. ఆతడు బాధపడుట ఇతరులకంటె ముందు మా కంటబడును. ఇల్లు అంటుకొన్నప్పుడు దగ్గరనున్నవాడే మొదటి కడవ పోయవలెను గదా.

రెండవ ఆక్షేపణ: ఉపశమన వైద్యమనగా ఆశ వదలుకొనుట యని. 2010లో అమెరికాలోని బోస్టను నగరమున జరిగిన యొక పరిశోధన దీనికి సమాధానము. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులు 151 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మామూలు చికిత్స మాత్రమును, రెండవ భాగమునకు దానితోపాటు మొదటినుండియు ఉపశమన వైద్యమును ఇచ్చిరి. రెండవ భాగమువారికి మనోవేదన తక్కువయ్యెను. అంతేకాదు, వారి ఆయువు మధ్యగణనమున 8.9 నెలలనుండి 11.6 నెలలకు పెరిగెను. కావున ఉపశమనము చివరి దినమున పోయు తులసితీర్థము వంటిది కాదు. వ్యాధి తెలిసిన నాటినుండి నడువవలసిన వైద్యము.

కెనడాలోని టొరాంటోలో 1996లో, బాధతో వచ్చిన రోగిని అదే దినమున పరీక్షించి, సాధ్యమైనంతవరకు అదే దినమున కిరణములు పెట్టి పంపు కేంద్రమును ఏర్పరచిరి. శిష్యులు అచ్చటనే ఈ విద్యను చేతులార నేర్తురు. మన దేశమున 1994లో ఏర్పడిన భారత ఉపశమన వైద్య సంఘము వైద్యులకును నర్సులకును చిన్న తరగతులు నడుపుచు వచ్చినది. నా కోరిక యిది. కిరణవైద్యము చదువు ప్రతి శిష్యుడును ఆ మూడేండ్లలో కొన్ని వారములు ఉపశమన వార్డులో పనిచేయవలెను. నర్సువెంట రోగుల ఇండ్లకు పోవలెను. మార్ఫీను మోతాదు కట్టుటయందును, రోగితో మాటాడుటయందును పరీక్షింపబడవలెను. కిరణపు మోతాదు తప్పినవానిని ఎట్లు ఉత్తీర్ణుని చేయరో, రోగి నొప్పిని అడుగనివానిని కూడ అట్లే చేయరాదు.

పెద్దలారా, వైద్యుల చదువు మాకేల యని మీరనుకొనవచ్చును. రోగి యెదుట నిజము దాచుమని వైద్యుని చేతులు పట్టుకొనువారు సాధారణముగా ఇంటి పెద్దలే. అందుచేత మీకు కొన్ని మనవులు.

క్యాన్సరు రోగిని తెచ్చినప్పుడు, "ఈ కరెంటు జబ్బు పోవటానికా, నొప్పి తగ్గటానికా?" అని వైద్యుని అడుగుడు. నొప్పి తగ్గుటకే యైనచో, "ఒక్కసారితో సరిపోతుందా?" అని అడుగుడు. అది గర్వము కాదు. అడుగుట మీ హక్కు. మార్ఫీను వ్రాసినచో భయపడి మూలను పెట్టకుడు. పిల్లలకందని చోట భద్రపరచి, వేళకు ఇయ్యుడు. క్యాన్సరు రోగికి వెన్నునొప్పితో కాళ్ల బలము తగ్గినను, మూత్రము బిగిసినను, మరునాటికి ఆగక ఆ దినముననే ఆసుపత్రికి చేర్చుడు. అది వెన్నుపాము నొక్కబడుచున్నదనుటకు గురుతు. నడక యుండగా వచ్చినవారికి చాలవరకు నడక నిలుచును. కాళ్లు పడిపోయిన పిదప వచ్చినవారికి తిరిగివచ్చుట అరుదు.

ఊరిలో మీరు చేయదగిన పని కూడ కలదు. కేరళములోని మలప్పురము ప్రాంతమున 2001 మొదలు ఇరుగుపొరుగువారే సంఘములుగా ఏర్పడి, మంచముపట్టిన రోగుల ఇండ్లకు వంతులవారీగా పోయి, పుండ్లు కడుగుట, బియ్యము చేర్చుట, ప్రక్కన కూర్చుండుట చేయుచు వచ్చిరి. నర్సును వైద్యుని వారే పిలుచుకొనిరి. దానికి ధనముకంటె తీరిక ముఖ్యము. మన గ్రామములలో తీరికగల పెద్దలకు కొదువ లేదు.

తుదకు ఒక్కమాట. రోగికి నిజము తెలియకుండ గోడ కట్టకుడు. ఆయన తెలిసికొనగోరనిచో బలవంతపెట్టవలదు. కాని అడిగినప్పుడు ఆయన యెదుట కూర్చుండి చెప్పగల వైద్యుని వెదకుడు. గట్టు తగాదాలు తీరుటకు ఇంక వ్యవధి యుండగనే చెప్పుడు. పల్నాటి ఆ రైతు తమ్ముడు పాడె పట్టుటకు వచ్చినాడు. మంచముప్రక్కకు రావలసినవాడు. ఆ దూరము తగ్గించుటకే నేను చెప్పిన రెండవ విద్య.